ఇంగ్లీషు వాక్యంలో ఆబ్జెక్ట్ ఏది, కాంప్లిమెంట్ ఏది? తరచుగా అడిగే ప్రశ్నలు

హైస్కూలు పిల్లలు, పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు, ఇంట్లో హోంవర్క్ చూసే తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలోనే రాశాను, పైకి చదువుకుంటూ వెళ్ళండి. ఈ విషయంలో కంటి కంటే చెవి మేలు.

ఆబ్జెక్ట్ అంటే మన కర్మే కదా?

చాలావరకు అదే. "రవి బ్రోక్ ద గ్లాస్" అంటే రవి గ్లాసు పగలగొట్టాడు. పగలగొట్టింది రవి, పగిలింది గ్లాసు. కాబట్టి "ద గ్లాస్" ఆబ్జెక్ట్. ఇంగ్లీషులో అది మామూలుగా క్రియ తర్వాత వస్తుంది, తెలుగులో క్రియకు ముందే వస్తుంది.

అయితే "పని ఎవరి మీద పడుతుందో అదే కర్మ" అన్న మాటను మరీ గట్టిగా పట్టుకోకండి. "ఐ నో యువర్ బ్రదర్" అన్నప్పుడు మీ అన్నయ్య మీద ఏ పనీ పడలేదు. నేను ఆయన్ని ఎరుగుదునన్న సంగతి ఆయనకే తెలియకపోవచ్చు. అయినా "యువర్ బ్రదర్" ఆబ్జెక్టే.

మరి కాంప్లిమెంట్ అంటే?

కర్త గురించో కర్మ గురించో ఎవరు, ఏమిటి, ఎలా ఉంది అని చెప్పేది. దీన్ని తెలుగులో పూరకం అంటారు. "లక్ష్మి ఈజ్ ఎ నర్స్"లో "ఎ నర్స్", "లక్ష్మి ఈజ్ టయర్డ్"లో "టయర్డ్" రెండూ లక్ష్మి గురించే చెబుతున్నాయి. లక్ష్మి సబ్జెక్ట్ కాబట్టి ఇవి సబ్జెక్ట్ కాంప్లిమెంట్‌లు. "ద న్యూస్ మేడ్ లక్ష్మి హ్యాపీ"లో లక్ష్మి ఆబ్జెక్ట్. సంతోషం లక్ష్మిది, వార్తది కాదు. అందుకని "హ్యాపీ" ఆబ్జెక్ట్ కాంప్లిమెంట్.

ఇక్కడే ఒక చిన్న లాభం ఉంది. ఆబ్జెక్ట్ స్థానంలో నామవాచకమో, సర్వనామమో, వాటి పని చేసే పదబంధమో ఉండి తీరాలి. కాంప్లిమెంట్‌గా విశేషణం కూడా రావచ్చు. క్రియ తర్వాత ఒట్టి విశేషణం కనిపిస్తే అది ఆబ్జెక్ట్ కాదని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

క్రియను "వాట్?", "హూమ్?" అని అడిగితే వచ్చే జవాబే ఆబ్జెక్ట్ అని బడిలో చెప్పారు. అది చాలదా?

చాలదు. ఇన్ని ప్రశ్నలు పుట్టడానికి సగం కారణం ఆ సూత్రమే.

ఎనిమిదో తరగతిలో ఒకసారి బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను: "సీత మెట్ ఎ కలెక్టర్", "సీత బికేమ్ ఎ కలెక్టర్". మూడో బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మెట్ హూమ్? కలెక్టర్. బికేమ్ వాట్? కలెక్టర్. రెండూ ఆబ్జెక్టే సార్" అంది. నేర్చుకున్న సూత్రం ప్రకారం ఆ పిల్ల చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైనదే. "మొదటి వాక్యంలో ఎంతమంది మనుషులున్నారు?" అని అడిగాను. ఇద్దరంది. "రెండో దాంట్లో?" అంటే ఒక్క క్షణం ఆగి, "ఒక్కరే సార్. సీతే కలెక్టర్" అంది. ఇక నేను చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

"వాట్" ప్రశ్న క్రియ తర్వాత ఏముందో వెతికి పెడుతుంది, అంతే. అలా దొరికింది కర్తకు వేరైనదా, లేక కర్తేనా అన్నది చెప్పదు. మనకు కావలసింది సరిగ్గా ఆ తేడానే.

అయితే ఏం చేసి చూడాలి?

మొదట "ఒక్కరా, ఇద్దరా" అని చూడండి. ఎక్కువ వాక్యాలు దీనికే లొంగుతాయి.

అనుమానం తీరకపోతే వాక్యాన్ని పాసివ్‌లోకి తిప్పండి. "ఎ కలెక్టర్ వాజ్ మెట్ బై సీత" కాస్త ఎబ్బెట్టుగా ఉన్నా ఇంగ్లీషే. "ఎ కలెక్టర్ వాజ్ బికమ్ బై సీత" అసలు ఇంగ్లీషే కాదు. ఆబ్జెక్ట్ మాత్రమే పాసివ్‌లో ముందుకొచ్చి కర్త స్థానంలో కూర్చోగలదు.

ఆ చోట ఒక విశేషణం పెట్టి చూడటం మరో పద్ధతి. "సీత బికేమ్ ఫేమస్" కుదురుతుంది. "సీత మెట్ ఫేమస్" కుదరదు. ఏకవచనం, బహువచనం కూడా పట్టిస్తాయి. "దె మెట్ ఎ కలెక్టర్" అనొచ్చు, ఎందుకంటే పదిమంది వెళ్ళి ఒక్క కలెక్టర్ని కలవొచ్చు. కానీ "దె బికేమ్" అని మొదలుపెడితే "కలెక్టర్స్" అనే ముగించాలి. కర్త ఎంతమందైతే కాంప్లిమెంట్ కూడా అంతమందే.

తెలుగులోకి మార్చుకుని చూస్తే తెలిసిపోతుందా?

చాలా సాయం చేస్తుంది. రెండు మూడు చోట్ల మాత్రం నిండా ముంచుతుంది.

ముందు సాయం సంగతి. తెలుగులో మనుషులు కర్మ అయితే ని, ను తప్పకుండా వస్తాయి: రవిని పిలిచాను, సీతను చూశాను. వస్తువులకు చాలాసార్లు రావు: అన్నం తిన్నాను, ఇల్లు కట్టాం. ఇచ్చే, పంపే, చూపించే క్రియల్లో ఎవరికి అన్నది కి, కు చెబుతాయి. అదే ఇంగ్లీషు ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్. ఇక ఆబ్జెక్ట్ కాంప్లిమెంట్‌కు తరచుగా "గా" వస్తుంది: ఆయన్ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు, గదిని శుభ్రంగా ఉంచు. ఒకే వాక్యంలో ని, గా రెండూ కనిపిస్తే ని ఉన్నది ఆబ్జెక్ట్, గా ఉన్నది కాంప్లిమెంట్ అనుకుని మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు ముంచే చోట్లు. "నేను టీచర్ని" అనే మాట తీసుకోండి. ఆ "ని" చూసి, "ఐ యామ్ ఎ టీచర్"లో "ఎ టీచర్" ఆబ్జెక్ట్ అనుకునేవాళ్ళున్నారు. అది విభక్తి కాదు. నువ్వు టీచర్‌వి, మేం టీచర్లం అని కర్తను బట్టి మారిపోయే ప్రత్యయం అది. కర్మకు వచ్చే "ని" అలా మారదు: నేను రవిని చూశాను, మేం రవిని చూశాం. పైగా "ఆమె డాక్టర్" అనే తెలుగు వాక్యంలో క్రియే ఉండదు. మనకు అలవాటు లేని "ఈజ్" మధ్యలోకి వచ్చేసరికి దాని తర్వాతది కర్మలా అనిపిస్తుంది.

రెండోది "నాకు". నాకు కారు ఉంది, నాకు మామిడిపళ్ళు ఇష్టం, నాకు ఆకలిగా ఉంది. మూడింటిలోనూ "కు" ఉంది, ఇంగ్లీషులో ఒక్కదానిలోనూ ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ లేదు. "ఐ హ్యావ్ ఎ కార్", "ఐ లైక్ మ్యాంగోస్", "ఐ యామ్ హంగ్రీ". మన "నాకు" అక్కడ "ఐ" అయిపోయి కర్త స్థానంలోకి వెళ్ళింది. కారు, మామిడిపళ్ళు ఆబ్జెక్ట్‌లయ్యాయి, ఆకలి కాంప్లిమెంట్ అయింది.

మూడోది ఆ "గా"నే. అది క్రియావిశేషణానికి కూడా వస్తుంది. "గదిని శుభ్రంగా ఉంచు" అంటే శుభ్రంగా ఉండేది గది, కాబట్టి "కీప్ ద రూమ్ క్లీన్"లో "క్లీన్" కాంప్లిమెంట్. "గదిని తొందరగా ఊడువు" అంటే తొందర గదిది కాదు, ఊడవడానిది. "స్వీప్ ద రూమ్ క్విక్లీ"లో "క్విక్లీ" ఆడ్వర్బ్.

లింకింగ్ వెర్బ్స్ (కర్తను కాంప్లిమెంట్‌తో కలిపే క్రియలు) జాబితా బట్టీ పట్టేస్తే గొడవ వదలదా?

"బీ", "బికమ్", "సీమ్" వరకు బట్టీ పనిచేస్తుంది. ఆ తర్వాత చేయదు. ఒకే క్రియ ఒక చోట కాంప్లిమెంట్‌ను, మరో చోట ఆబ్జెక్ట్‌ను తీసుకుంటుంది. "షి గ్రూ టొమాటోస్" అంటే టమాటాలు పండించింది, "షి గ్రూ ఓల్డ్" అంటే ముసలిదైంది. "హి గాట్ ఎ జాబ్", "హి గాట్ యాంగ్రీ". "షి రన్స్ ఎ టీ షాప్", "ద వెల్ రాన్ డ్రై". "హి టర్న్‌డ్ ద కీ", "ద మిల్క్ టర్న్‌డ్ సోర్". "ఐ టేస్టెడ్ ద సాంబార్" అంటే రుచి చూసింది నేను. "ద సాంబార్ టేస్టెడ్ సాల్టీ" అంటే సాంబారు ఏ రుచీ చూడలేదు, అదే ఉప్పగా ఉంది.

ఇలాంటి చోట క్రియ తీసేసి "ఈజ్", "వాజ్" పెట్టి చూడండి. "షి వాజ్ ఓల్డ్" బాగానే ఉంది. "షి వాజ్ టొమాటోస్" అంటే క్లాసంతా నవ్వుతుంది. నవ్వొస్తే ఆబ్జెక్ట్, రాకపోతే కాంప్లిమెంట్. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన నిఘంటువుల్లో కొన్ని అర్థాల పక్కన "లింకింగ్ వెర్బ్" అని వేసి ఉంటుంది, అదీ చూసుకోవచ్చు.

"షి లుక్స్ బ్యూటిఫుల్" సరే, "బ్యూటిఫుల్లీ" అంటే తప్పేంటి?

అందం ఆమెది, చూడటానిది కాదు. కర్తను వర్ణిస్తున్నాం కాబట్టి విశేషణం రావాలి. "ద బిర్యానీ స్మెల్స్ గుడ్" కూడా అంతే. అయితే "హి లుక్డ్ యాంగ్రీ", "హి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ మీ" రెండూ సరైనవే. మొదటిదాంట్లో అతను కోపంగా కనిపించాడు. రెండోదాంట్లో నా వైపు కోపంగా చూశాడు, అంటే చూడటమనే పని చేశాడు.

క్రియ తర్వాత రెండు నామవాచకాలు వస్తే రెండూ ఆబ్జెక్ట్‌లేనా, లేక రెండోది కాంప్లిమెంటా?

పరీక్షల్లో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. ఈ రెండు వాక్యాలు చూడండి: "షి మేడ్ హిమ్ ఎ కాఫీ", "షి మేడ్ హిమ్ ఎ స్టార్". పైకి ఒకేలా ఉన్నాయి. కానీ మొదటిదాంట్లో లెక్కకు ముగ్గురు తేలతారు: ఆమె, అతను, కాఫీ. అతను కాఫీ కాడు. కాబట్టి "హిమ్" ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్, "ఎ కాఫీ" డైరెక్ట్ ఆబ్జెక్ట్. రెండోదాంట్లో ఆమె, అతను, అంతే. అతనే స్టార్. కాబట్టి "హిమ్" డైరెక్ట్ ఆబ్జెక్ట్, "ఎ స్టార్" ఆబ్జెక్ట్ కాంప్లిమెంట్.

తెలుగులో అతనికి కాఫీ పెట్టింది, అతన్ని స్టార్‌ని చేసింది అంటాం. మొదటిదాంట్లో "కి" వెంటనే పట్టిస్తుంది. రెండోదాంట్లో మాత్రం "ని" రెండుసార్లు వచ్చింది చూశారా? "చేయు" దగ్గర తెలుగు ఇలా కాంప్లిమెంట్‌కు కూడా "ని" తగిలిస్తుంది. ఇక్కడ ని, గా లెక్క పక్కనపెట్టి మనుషుల్ని లెక్కపెట్టుకోవడమే దారి.

ఒకే వాక్యానికి రెండు అర్థాలూ కుదిరే సందర్భాలున్నాయి. "ఐ ఫౌండ్ హర్ ఎ గుడ్ డాక్టర్" అంటే ఆమె కోసం ఒక మంచి డాక్టర్ని వెతికిపెట్టానని ఒక అర్థం, ఆమే మంచి డాక్టరని నాకు తెలిసొచ్చిందని ఇంకో అర్థం. మొదటి అర్థాన్ని "ఫౌండ్ ఎ గుడ్ డాక్టర్ ఫర్ హర్" అని తిప్పి రాయొచ్చు, రెండోదాన్ని "ఫౌండ్ హర్ టు బి ఎ గుడ్ డాక్టర్" అని. ఇంగ్లీషులో పాత జోకు ఒకటుంది. ఒకాయన హోటల్ బయట నిలబడి "కాల్ మీ ఎ టాక్సీ" అంటాడు. కాపలా మనిషి "సరే సార్, యు ఆర్ ఎ టాక్సీ" అంటాడు. ఆయన అడిగింది రెండు ఆబ్జెక్ట్‌లు, వచ్చింది ఆబ్జెక్ట్ కాంప్లిమెంట్.

ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్‌ను ఎలా పట్టుకోవాలి?

దాన్ని వెనక్కి పంపి ముందు "టు" గానీ "ఫర్" గానీ పెట్టండి. "షి గేవ్ మీ ఎ పెన్" అన్నది "షి గేవ్ ఎ పెన్ టు మీ" అవుతుంది. "షి బాట్ మీ ఎ పెన్" అన్నది "ఫర్ మీ" అవుతుంది. ఇవ్వడం, పంపడం, చూపించడం వంటివాటికి "టు", కొనడం, వండటం, చేసిపెట్టడం వంటివాటికి "ఫర్". ఇలా వెనక్కి పంపిన "టు మీ"ని కొన్ని బడి పుస్తకాలు ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ అనే అంటాయి, ఇప్పటి వ్యాకరణాలు చాలావరకు ప్రిపోజిషన్ పదబంధం అంటాయి. పరీక్షకైతే మీ పుస్తకం ఏమంటే అదే రాయండి.

"ఎక్స్‌ప్లెయిన్ మీ దిస్ సమ్" తప్పని ఎందుకంటారు?

రెండు ఆబ్జెక్ట్‌లను పక్కపక్కన తీసుకునే గుణం అన్ని క్రియలకూ లేదు కాబట్టి. "గివ్ మీ", "టెల్ మీ", "షో మీ", "టీచ్ మీ" ఉన్నాయి. "ఎక్స్‌ప్లెయిన్", "సే", "సజెస్ట్", "డిస్క్రైబ్" అలా తీసుకోవు. "ఎక్స్‌ప్లెయిన్ దిస్ సమ్ టు మీ" అనాలి. ఫోన్ కొనబోయే ప్రతివాళ్ళూ "సజెస్ట్ మీ ఎ గుడ్ ఫోన్" అంటారు. అందరూ అంటున్నా పరీక్షలో అది తప్పే. "సజెస్ట్ ఎ గుడ్ ఫోన్ టు మీ" అని రాయాలి. దీనికి తిరగేసిన తప్పు "హి టోల్డ్ టు మీ". మన "నాకు చెప్పాడు"లోని "కు"ని "టు"గా దించేస్తే వచ్చేది అది. "టోల్డ్ మీ" చాలు.

ఆబ్జెక్ట్ కాంప్లిమెంట్ ఏ క్రియలతో వస్తుంది?

పేరు పెట్టడం, పదవిలో కూర్చోబెట్టడం, ఒక స్థితిలోకి తేవడం, ఒక అభిప్రాయం కలిగి ఉండటం: ఈ నాలుగు రకాల పనుల దగ్గర వెతకండి. "నేమ్", "కాల్", "ఎలెక్ట్", "అపాయింట్", "మేక్", "కీప్", "లీవ్", "పెయింట్", "కన్సిడర్", "ఫైండ్" ఎక్కువగా కనిపించేవి.

"దె ఎలెక్టెడ్ సంజీవరెడ్డి ప్రెసిడెంట్ ఇన్ 1977". నీలం సంజీవరెడ్డి ఆ ఏడాది పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఆయన ఆబ్జెక్ట్, "ప్రెసిడెంట్" ఆబ్జెక్ట్ కాంప్లిమెంట్. ఒక్కరే ఉండే పదవి ఇలా కాంప్లిమెంట్‌గా వచ్చినప్పుడు ముందు ఆర్టికల్ వదిలేయడం మామూలు. "పి.వి. బికేమ్ ప్రైమ్ మినిస్టర్ ఇన్ 1991" కూడా అలాంటిదే, కాకపోతే ఇది సబ్జెక్ట్ కాంప్లిమెంట్. "ఇన్ 1977", "ఇన్ 1991" ఎప్పుడు అన్నది చెబుతున్నాయి, వాటితో ఇక్కడ పని లేదు.

వాక్యం పాసివ్‌లోకి మారితే వీటి పేర్లు మారతాయా?

మారతాయి. "సంజీవరెడ్డి వాజ్ ఎలెక్టెడ్ ప్రెసిడెంట్" అన్నప్పుడు ఆబ్జెక్ట్ సబ్జెక్ట్ అయింది కాబట్టి, దాని గురించి చెప్పే "ప్రెసిడెంట్" ఇప్పుడు సబ్జెక్ట్ కాంప్లిమెంట్. "ఐ వాజ్ గివెన్ ఎ పెన్"లో మాత్రం నేను పెన్ను కాను. ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ కర్త స్థానంలోకి వెళ్ళగా డైరెక్ట్ ఆబ్జెక్ట్ వెనకే ఉండిపోయింది. పాత పుస్తకాలు దీన్ని రిటెయిన్డ్ ఆబ్జెక్ట్ అంటాయి.

"ఐ హ్యావ్ ఎ కార్" పాసివ్‌లోకి మారదు. అంటే "ఎ కార్" ఆబ్జెక్ట్ కాదా?

ఆబ్జెక్టే. పాసివ్‌లోకి మారితే ఆబ్జెక్ట్ అని నమ్మొచ్చు, మారకపోతే కాదని మాత్రం తేల్చేయకూడదు. "హ్యావ్", "రిసెంబుల్", "ల్యాక్", "ఫిట్", "సూట్" వంటి క్రియలు పాసివ్‌కు లొంగవు. "రాము రిసెంబుల్స్ హిజ్ ఫాదర్"లో పోలిక ఎంత ఉన్నా మనుషులు ఇద్దరు, కాబట్టి తండ్రి ఆబ్జెక్ట్.

"ద బ్యాగ్ వెయిస్ 10 కిలోస్", "ద బుక్ కాస్ట్స్ 200 రుపీస్" దగ్గర పండితులే ఒక మాట మీద లేరు. అవి "వాట్" కంటే "హౌ మచ్"కి జవాబులు. ఆబ్జెక్ట్ అనేవాళ్ళూ ఉన్నారు, ఆడ్వర్బియల్ (ఎప్పుడు, ఎక్కడ, ఎలా, ఎంత అని చెప్పే భాగం) అనేవాళ్ళూ ఉన్నారు. "ఐ వెయిడ్ ద బ్యాగ్" అంటే మాత్రం గొడవ లేదు, తూచింది నేను, బ్యాగ్ ఆబ్జెక్ట్.

"హి హర్ట్ హిమ్‌సెల్ఫ్"లో ఉన్నది ఒక్కడే కదా. మరి కాంప్లిమెంటా?

మంచి ప్రశ్న. "ఒక్కరా, ఇద్దరా" అన్న లెక్క తప్పే చోటు ఇదే. మనిషి ఒక్కడే అయినా ఇక్కడ దెబ్బ తగిలించినవాడు, దెబ్బ తిన్నవాడు అని రెండు పాత్రలు ఉన్నాయి. "హిమ్‌సెల్ఫ్" తీసి "రవి" అని పెట్టి చూడండి: "హి హర్ట్ రవి". చక్కగా సరిపోయింది, కాబట్టి ఆబ్జెక్ట్. "హి ఈజ్ నాట్ హిమ్‌సెల్ఫ్ టుడే" అంటే మాత్రం ఇవాళ మనిషి మనిషిలా లేడని. అది కాంప్లిమెంట్.

ఐఎన్‌జీ రూపం వస్తే?

మూడు వాక్యాలు పక్కపక్కన పెట్టుకోండి. "ఐ లవ్ స్విమ్మింగ్"లో అది ఆబ్జెక్ట్. "మై హాబీ ఈజ్ స్విమ్మింగ్"లో కాంప్లిమెంట్, ఎందుకంటే హాబీయే ఈత. "మై బ్రదర్ ఈజ్ స్విమ్మింగ్"లో ఆబ్జెక్టూ లేదు, కాంప్లిమెంటూ లేదు. తమ్ముడు ఈత కాడు, ఈదుతున్నాడు. "ఈజ్ స్విమ్మింగ్" మొత్తం క్రియ. "ఈజ్" కనిపించగానే తర్వాతది కాంప్లిమెంట్ అని రాసేవాళ్ళకు ఈ మూడో వాక్యం వేసిన ఉచ్చు.

ఒక పూర్తి వాక్యమే ఆబ్జెక్ట్‌గా ఉండొచ్చా?

ఉండొచ్చు. "ఐ నో దట్ హి లైడ్"లో "దట్ హి లైడ్" అంతా ఆబ్జెక్ట్. "ద ట్రూత్ ఈజ్ దట్ హి లైడ్"లో అదే ముక్క కాంప్లిమెంట్. ఎంత పొడుగున్నా దాన్ని ఒక్క మాటగా లెక్కపెట్టండి.

ఇందులోనే కాస్త తిరకాసుది: "ఐ ఫైండ్ ఇట్ డిఫికల్ట్ టు గెట్ అప్ ఎర్లీ". ఇక్కడ "ఇట్" స్థలం పట్టి ఉంచే ఉత్తుత్తి ఆబ్జెక్ట్. అసలు ఆబ్జెక్ట్ చివర ఉన్న "టు గెట్ అప్ ఎర్లీ". కష్టమైనది ఏది? పెందలాడే లేవడం. కాబట్టి "డిఫికల్ట్" ఆబ్జెక్ట్ కాంప్లిమెంట్.

"షి ఈజ్ ఇన్ ద కిచెన్"లో "ఇన్ ద కిచెన్" ఏమిటి?

ఎక్కడ అన్నదానికి జవాబు కాబట్టి ఆడ్వర్బియల్ అంటారు కొందరు, "ఈజ్" తర్వాత లేకపోతే వాక్యమే పూర్తికాదు కాబట్టి కాంప్లిమెంట్ అంటారు మరికొందరు. ఆబ్జెక్ట్ అని మాత్రం ఎవరూ అనరు. "షి ఈజ్ ఇన్ గుడ్ హెల్త్" అంటే చోటు కాదు, స్థితి. దాన్ని కాంప్లిమెంట్ అని ధైర్యంగా రాయొచ్చు.

"దేర్ ఈజ్ ఎ స్నేక్ ఇన్ ద హౌస్"లో పాము ఆబ్జెక్టా, కాంప్లిమెంటా?

రెండూ కాదు. అసలు కర్త అదే. పాములు రెండైతే "దేర్ ఆర్ టూ స్నేక్స్" అంటాం. క్రియ ఎవరి మాట వింటోందో చూస్తే తెలుస్తుంది.

"లిజన్ సాంగ్స్", "డిస్కస్ అబౌట్" ఎందుకు తప్పులు?

తెలుగులో విను సకర్మకం: పాటలు వింటాం. ఇంగ్లీషులో "లిజన్" నేరుగా ఆబ్జెక్ట్‌ను పట్టుకోలేదు, మధ్యలో "టు" కావాలి. అప్పుడు "సాంగ్స్" ఆ "టు"కి ఆబ్జెక్ట్ అవుతుంది. "డిస్కస్" దీనికి తలకిందులు. దాని గురించి చర్చించాం అంటాం కాబట్టి మనకు "అబౌట్" దానంతటదే వచ్చేస్తుంది, కానీ "డిస్కస్ ద ప్రాబ్లమ్" చాలు. ఊరికి చేరాం కాబట్టి "రీచ్‌డ్ టు", గదిలోకి వెళ్ళాం కాబట్టి "ఎంటర్డ్ ఇన్‌టు ద రూమ్" అని రాస్తుంటారు. "రీచ్", "ఎంటర్", "మ్యారీ", "అటెండ్" మామూలు అర్థాల్లో నేరుగా ఆబ్జెక్ట్‌ను పట్టుకుంటాయి. ఆబ్జెక్ట్ గుర్తించడం నేర్చుకోవడంలో నిత్యం పనికొచ్చే భాగం నా దృష్టిలో ఇదే. పేర్లు పెట్టడం పరీక్ష దాకానే, ఇది మాత్రం రాసే ప్రతి ఈమెయిల్‌లోనూ కనిపిస్తుంది.

"ఇట్ ఈజ్ ఐ" అనాలా, "ఇట్ ఈజ్ మీ" అనాలా?

మాట్లాడేటప్పుడు "ఇట్స్ మీ". కాంప్లిమెంట్ కర్తతో సమానం కాబట్టి "ఐ" అనే రావాలని పాత వ్యాకరణాలు పట్టుబట్టాయి. తలుపు కొట్టి "ఇట్ ఈజ్ ఐ" అంటే లోపలివాళ్ళు కంగారుపడతారు.

మా పుస్తకంలో ఐదు వాక్య ప్యాటర్న్‌లు, కోచింగ్‌లో ఏడు. ఏది నిజం?

లెక్క తేడా అంతే, భాష ఒకటే. 1904లో వ్యాకరణ పండితుడు సి.టి. ఆనియన్స్ వాక్యాలను ఐదు రకాలుగా విడదీశారు. 1954లో నిఘంటుకారుడు ఎ.ఎస్. హార్న్‌బీ క్రియల తీరును బట్టి పాతిక ప్యాటర్న్‌లు చెప్పారు. 1985లో రాండల్ఫ్ క్వర్క్, మరో ముగ్గురు కలిసి రాసిన పెద్ద వ్యాకరణం ఏడంటుంది. ఐదింటికి తప్పనిసరి ఆడ్వర్బియల్ ఉన్న రెండు రకాలు కలిపితే ఆ ఏడు. "షి ఈజ్ ఇన్ ద కిచెన్" ఒకటి, "షి పుట్ ద బుక్ ఆన్ ద టేబుల్" ఇంకొకటి.

కాంప్లిమెంట్ అన్న మాటను కూడా అందరూ ఒకేలా వాడరు. 2002లో కేంబ్రిడ్జ్ నుంచి వచ్చిన హడిల్‌స్టన్, పుల్లమ్‌ల వ్యాకరణంలో ఆబ్జెక్ట్ కూడా ఒక రకం కాంప్లిమెంటే. మనం ఇక్కడ కాంప్లిమెంట్ అంటున్నదాన్ని వాళ్ళు ప్రెడికేటివ్ కాంప్లిమెంట్ అంటారు. ఇంటర్నెట్‌లో చదివింది బడి పుస్తకంతో కలవకపోతే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

ఒక చిన్న పేరా తీసుకుని విడదీసి చూపిస్తారా?

"మై గ్రాండ్‌మదర్ కెప్ట్ ఎ బఫెలో. షి కాల్డ్ ఇట్ గౌరి. గౌరి గేవ్ అస్ 3 లీటర్స్ ఆఫ్ మిల్క్ ఎవ్రీ మార్నింగ్. వన్ సమ్మర్ షి ఫెల్ ఇల్. ద డాక్టర్ కేమ్ ద సేమ్ ఈవెనింగ్. హి కన్సిడర్డ్ ద ఫీవర్ డేంజరస్. బై మార్నింగ్ షి వాజ్ హర్‌సెల్ఫ్ అగైన్."

అమ్మమ్మ వేరు, గేదె వేరు: "ఎ బఫెలో" ఆబ్జెక్ట్. ఇక్కడ "కెప్ట్" అంటే పెంచింది, "కీప్ ద రూమ్ క్లీన్"లోని "ఉంచు" కాదు. రెండో వాక్యంలో "ఇట్" ఆబ్జెక్ట్, "గౌరి" దాని పేరే కాబట్టి ఆబ్జెక్ట్ కాంప్లిమెంట్. మూడోదాంట్లో "అస్" ఇన్‌డైరెక్ట్, "3 లీటర్స్ ఆఫ్ మిల్క్" మొత్తం కలిపి డైరెక్ట్ ఆబ్జెక్ట్. "మిల్క్" ఒక్కదాన్నే విడదీసి గీత గీస్తే మార్కు పోతుంది. "ఎవ్రీ మార్నింగ్" ఎప్పుడు అన్నది.

"షి ఫెల్ ఇల్"లో "వాజ్" పెట్టండి: "షి వాజ్ ఇల్". కుదిరింది, సబ్జెక్ట్ కాంప్లిమెంట్. "కేమ్ ద సేమ్ ఈవెనింగ్" దగ్గర చాలామంది జారతారు. క్రియ వెంటనే నామవాచకం కనిపిస్తుంది కానీ డాక్టర్ వచ్చింది సాయంత్రాన్ని కాదు, సాయంత్రం పూట. అది ఆడ్వర్బియల్, ఆ వాక్యంలో ఆబ్జెక్ట్ లేదు. తర్వాతి వాక్యంలో "ద ఫీవర్" ఆబ్జెక్ట్, "డేంజరస్" ఆబ్జెక్ట్ కాంప్లిమెంట్. చివరిదాంట్లో "హర్‌సెల్ఫ్" తీసి ఇంకో గేదె పేరు పెట్టి చూడండి. "షి వాజ్ లక్ష్మి అగైన్" అంటే ఏమీ అర్థం కాదు. కాబట్టి అది ఆబ్జెక్ట్ కాదు, సబ్జెక్ట్ కాంప్లిమెంట్.